దుబాయ్‌కే కదా పంపేది: ఆంక్షల చట్టం ఒక చిన్న పరికరాన్ని ఎలా చూస్తుంది

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన పాతికేళ్లుగా అందులో ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లు తయారు చేస్తున్నారు. అరచేతిలో ఇమిడిపోయే స్టీలు గొట్టం, ఒక చివర మర, రెండో చివర మూడు తీగలు, లోపల రూపాయి బిళ్లంత పింగాణీ పొర: చూడటానికి ఇంతే. గ్యాసు ఒత్తిడి ఆ పొరను వెంట్రుకలో వెయ్యోవంతు వంచినా ఆ వంపును విద్యుత్ సంకేతంగా మార్చి చెప్పడం దాని పని. మందుల కంపెనీలు, సెమీకండక్టర్ ల్యాబులు, వాక్యూమ్ ఫర్నేసులు నడిపేవారు ఆయన దగ్గర కొంటుంటారు. ఎగుమతి కాగితాల పని చూసేవాణ్ణి కాబట్టి ఏడాదికి నాలుగైదుసార్లు ఆయన నన్ను పిలుస్తారు. ఆమధ్య షార్జాలోని ఒక ట్రేడింగ్ కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ చూపించడానికి పిలిచారు. నలభై పీసులు కావాలట, డబ్బు మొత్తం ముందే ఇస్తారట, బిగించడానికి మనిషిని పంపనక్కర్లేదు, వారంటీ అక్కర్లేదు, కంపెనీ పేరు చెక్కిన రేకు ఊడదీసి పంపాలి, ప్యాకింగ్ లిస్టులో "ఇన్‌స్ట్రుమెంట్ స్పేర్లు" అని రాస్తే చాలు.

"ఏమప్పా, దుబాయ్ మీద ఆంక్షలేమన్నా ఉండాయా? నాది బాంబా, తుపాకీనా? పంపితే తప్పేముందప్పా?" అన్నారాయన.

పాతికేళ్లు నిజాయితీగా వ్యాపారం చేసిన మనిషి అడిగిన ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాకపోతే చట్టం విడివిడిగా చూసే రెండు సంగతులు ఇందులో ఒకటిగా కలిసిపోయాయి. మొదటిది ఎగుమతి నియంత్రణ: ఇది వస్తువును చూస్తుంది. జాబితాలో ఉన్న వస్తువైతే అది ఎంత మంచి దేశానికి పోతున్నా ముందు అనుమతి తీసుకోమంటుంది. రెండోది ఆంక్షలు: ఇవి దేశాన్ని, సంస్థను, మనిషిని చూస్తాయి. అవతల ఉన్నది ఆంక్షల్లో ఇరుక్కున్నవారైతే పంపేది ఎంత మామూలు సరుకైనా ఆగి చూసుకోమంటాయి. నియంత్రణలో ఉన్న వస్తువు ఆంక్షలున్న దేశానికి పోయేటప్పుడు ఈ రెండు దారాలూ ఒకచోట ముడిపడతాయి. ఆ ముడి విప్పాలంటే ఏ దారం ఎక్కడ మొదలైందో చూడాలి.

ముందు వస్తువు సంగతి. యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లలో తిరిగేది యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు. అది మామూలు లోహాలను తినేస్తుంది, పైగా చాలా తక్కువ ఒత్తిడి దగ్గర నడుస్తుంది. వందల సెంట్రిఫ్యూజ్‌లను గొలుసుకట్టుగా కలిపినప్పుడు ఏ గొట్టంలో ఒత్తిడి ఎంతుందో కచ్చితంగా తెలియకపోతే ఆ గొలుసు మొత్తం పాడైపోతుంది. అందుకే అణు సామగ్రి ఎగుమతులను అదుపు చేసే దేశాల కూటమి అయిన అణు సరఫరాదారుల బృందం తన ద్వంద్వ వినియోగ జాబితాలో, అంటే పౌర అవసరాలకూ ఆయుధాలకూ పనికొచ్చే వస్తువుల జాబితాలో, ట్రాన్స్‌డ్యూసర్లన్నిటినీ కాక ఒక ప్రత్యేక రకాన్ని మాత్రమే పెట్టింది. అది పరమ పీడనాన్ని, అంటే శూన్యంతో పోల్చి చూసిన ఒత్తిడిని కొలవగలిగినదై, ఒత్తిడిని గ్రహించే భాగం అల్యూమినియం, అల్యూమినియం ఆక్సైడ్, నికెల్ లేదా 60 శాతానికి మించి నికెల్ ఉన్న మిశ్రమలోహం వంటి తినబడని పదార్థాలతో చేసినదై ఉండాలి. 13 కిలోపాస్కల్స్ లోపు కొలిచేదైతే తప్పు ఒక శాతానికి మించకూడదు, అంతకంటే ఎక్కువ కొలిచేదైతే 13 కిలోపాస్కల్స్ దగ్గర తేడా 130 పాస్కల్స్ దాటకూడదు. పెద్దాయన క్యాటలాగు తిప్పాను. నాలుగో పేజీలో ఉంది: అల్యూమినియం ఆక్సైడ్ పింగాణీ పొర, 10 కిలోపాస్కల్స్, తేడా పావు శాతం. షార్జా వాళ్లు అడిగిన మోడల్ సరిగ్గా అదే.

ఇది పుస్తకాల్లో ఊహించిన ప్రమాదమని ఎవరైనా అనుకుంటే ఒక ఉదాహరణ చెప్పవలసి ఉంటుంది. 2008లో అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదినెజాద్ నతాంజ్ అణుకేంద్రాన్ని చూడటానికి వెళ్లినప్పుడు అక్కడి ప్రభుత్వమే ఫొటోలు విడుదల చేసింది. సెంట్రిఫ్యూజ్‌ల వరసలో గొట్టాలకు బిగించి ఉన్న ట్రాన్స్‌డ్యూసర్లు ఆ ఫొటోల్లో స్పష్టంగా కనబడ్డాయి, అవి ఒక అమెరికన్ కంపెనీ తయారుచేసినవని నిపుణులు గుర్తుపట్టారు. ఆ తరవాత నడిచిన కేసులో ఒక చైనా పౌరుడు 2009 నుంచి 2012 వరకు అలాంటివి వెయ్యికి పైగా చైనాలోని కొనుగోలుదారుల పేరుతో తెప్పించి ఇరాన్‌కు చేరవేసినట్లు తేలింది. అతణ్ణి బ్రిటన్‌లో పట్టుకుని అమెరికాకు అప్పగించారు, 2016లో బోస్టన్ కోర్టు తొమ్మిదేళ్ల జైలు విధించింది. ఆ పరికరాలేవీ అమెరికా నుంచి నేరుగా ఇరాన్‌కు పోలేదు. కాగితాల మీద ప్రతి పెట్టె ఆంక్షల్లేని ఊరికే బయలుదేరింది.

ఇక మన చట్టం. భారతదేశంలో ఇటువంటి వస్తువుల జాబితాను స్కోమెట్ అంటారు. ప్రత్యేక రసాయనాలు, జీవులు, పదార్థాలు, పరికరాలు, సాంకేతికతలు అనే ఆంగ్ల పదాల తొలి అక్షరాలు కలిపి చేసిన పేరది. ఎగుమతి దిగుమతి వస్తువుల వర్గీకరణలో రెండో షెడ్యూలు, మూడో అనుబంధంగా ఇది ఉంటుంది. సున్నా నుంచి ఎనిమిది దాకా వర్గాలున్నాయి, ఏడోది ఖాళీ. సున్నా వర్గంలోని అణు సామగ్రికి అణుశక్తి విభాగం, ఆరో వర్గంలోని ఆయుధ సామగ్రికి రక్షణ ఉత్పత్తి విభాగం అనుమతి ఇస్తాయి. మిగిలినవాటిలో చాలావరకు డీజీఎఫ్‌టీ, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ చేతిలో ఉంటాయి. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, లేజర్లు, మెషిన్ టూల్స్, విమానయాన పరికరాల వంటి వాటితో నిండిన ఎనిమిదో వర్గం బెంగళూరువారికి ఎక్కువగా తగులుతుంది. భారతదేశం 2016లో క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థలోనూ, 2017 డిసెంబరులో ఆయుధాలు, ద్వంద్వ వినియోగ వస్తువుల నియంత్రణ చూసే వాసెనార్ ఒప్పందంలోనూ, 2018 జనవరిలో రసాయన, జీవ ఆయుధాల సామగ్రిని నియంత్రించే ఆస్ట్రేలియా గ్రూపులోనూ చేరింది. అణు సరఫరాదారుల బృందంలో సభ్యత్వం ఇప్పటికీ రాలేదు, అయినా ఆ బృందం జాబితాకు తగ్గట్టు మన జాబితాను సరిచేసుకున్నాం.

ఎగుమతిదారులు ఎక్కువగా బోల్తాపడేది హెచ్ఎస్ కోడు, అంటే కస్టమ్స్ వారు సరుకును వర్గీకరించే సంఖ్య దగ్గర. పీడనం కొలిచే పరికరాలన్నిటికీ 9026 20 అనే ఒకే కోడు ఉంది. సైకిల్ షాపులో టైరు గాలి చూసే గేజీ అందులోనే ఉంటుంది, నతాంజ్‌లో కనబడినదీ అందులోనే ఉంటుంది. షిప్పింగ్ బిల్లులో కోడు సరిగ్గా వేశాం, కస్టమ్స్ కంప్యూటర్ అడ్డుచెప్పలేదు, కాబట్టి స్కోమెట్ కాదు అనుకోవడం పీణ్యలోనూ, వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపో దగ్గరా నేను తరచుగా వినే మాట. అది పొరపాటు. సుంకం లెక్క కోసం పుట్టింది హెచ్ఎస్ కోడు. సాంకేతిక లక్షణాలను బట్టి నడిచేది స్కోమెట్. క్యాటలాగు పక్కన జాబితా పెట్టుకుని పంక్తి పంక్తిగా పోల్చవలసింది తయారీదారే. కస్టమ్స్ ఏజెంటు ఆ పని చేయలేడు, ఆ పొర దేనితో చేసిందో అతనికి తెలియదు.

పెద్దాయన ప్రశ్నలో సగానికి జవాబు ఇక్కడే దొరికింది. దుబాయ్ మీద, షార్జా మీద ఆంక్షలు లేకపోయినా, ఆ పరికరం జాబితాలో ఉంది కాబట్టి భారతదేశం దాటాలంటే అనుమతి ఉండి తీరాలి. దరఖాస్తు డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులోనే పెట్టాలి. కోరమంగల కేంద్రీయ సదన్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉన్నా ఈ నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంది. కొనుగోలు ఉత్తర్వు, సాంకేతిక వివరాలు, వీటన్నిటికంటే ముఖ్యంగా తుది వినియోగ ధృవీకరణ పత్రం జతచేయాలి. సరుకు చివరికి వాడేది ఎవరు, ఎక్కడ, దేనికి అన్నది చివరి వాడకందారే తన లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వవలసిన కాగితం అది. మధ్యలో ట్రేడరుంటే ట్రేడరు సంతకం ఒక్కటే చాలదు. విదేశాంగ, రక్షణ, అణుశక్తి, అంతరిక్ష విభాగాల వారు కూర్చునే అంతర్ మంత్రిత్వ కార్యవర్గం దాన్ని పరిశీలిస్తుంది. వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. యూరప్ పోటీదారు వారంలో సరుకు పంపుతుంటే మనవాళ్లు ప్రశ్నలకు జవాబులు రాస్తూ కూర్చోవలసి వస్తుందన్న ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. టెలికాం పరికరాలకు, సమాచార భద్రత వస్తువులకు, కొన్ని రసాయనాలకు, ఒకే సంస్థ శాఖల మధ్య బదిలీలకు సాధారణ అనుమతులు ప్రవేశపెట్టి ప్రభుత్వం ఇటీవలి ఏళ్లలో ఆ బాధ కొంత తగ్గించింది.

జాబితాలో లేని వస్తువైతే మాత్రం నిశ్చింతగా ఉండవచ్చా? ఉండకూడదు. 2005లో వచ్చిన సామూహిక విధ్వంస ఆయుధాల చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది. అణు, జీవ, రసాయన ఆయుధాలకో, వాటిని మోసుకుపోయే క్షిపణులకో వాడతారని తెలిసి ఏ వస్తువూ ఎగుమతి చేయకూడదని అది చెబుతుంది; ఏ వస్తువూ అంటే ఇనుప మేకైనా సరే. ఆ చట్టం అనుమతిలేని ఎగుమతికి మొదటిసారి 3 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా జరిమానా, మళ్లీ చేస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు అంటుంది. ఉగ్రవాదులకు తోడ్పడితే ఐదేళ్లకు తగ్గని, యావజ్జీవం దాకా పోగల శిక్ష ఉంది. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం 2010లో సవరణ పొంది ఈ వస్తువుల కోసం ప్రత్యేక అధ్యాయం చేర్చుకుంది. ఆ చట్టం కింద సరుకు విలువకు ఐదు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు, ఎగుమతిదారు కోడును నిలిపివేయవచ్చు. చిన్న యూనిట్లవాళ్లు జైలు మాట వింటే నవ్వేస్తారు, కోడు నిలిపివేత మాట వినగానే ముఖం మారుతుంది.

ఇప్పుడు రెండో దారం, ఆంక్షలు. వీటిలోనూ రెండు జాతులున్నాయి, వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం పుడుతోంది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి విధించిన ఆంక్షలను సభ్యదేశాలన్నీ అమలు చేయాలి. మనదేశంలో ఇందుకు 1947 నాటి ఐక్యరాజ్యసమితి (భద్రతామండలి) చట్టం ఉంది. విదేశాంగశాఖ దాని కింద ఉత్తర్వులిస్తుంది, డీజీఎఫ్‌టీ వాటిని వాణిజ్య విధానంలోకి తెస్తుంది. ఉత్తర కొరియాతో ఆహారం, మందులు తప్ప మిగతా వ్యాపారాన్ని భారత్ 2017లో నిషేధించింది ఈ దారిలోనే. ఇరాన్ విషయం మరీ చిక్కు. 2006 నుంచి వరసగా వచ్చిన తీర్మానాల ఆంక్షలు 2015లో ఇరాన్ అణు ఒప్పందాన్ని ఆమోదించిన 2231 తీర్మానంతో సడలాయి. ఒప్పందం తప్పితే పాత ఆంక్షలు వాటంతటవే తిరిగొచ్చే ఏర్పాటు అదే తీర్మానంలో ఉంది. 2025 ఆగస్టు 28న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ ఆ మీట నొక్కాయి, ముప్పై రోజులు గడిచాక సెప్టెంబరు చివరలో పాత తీర్మానాలు మళ్లీ అమల్లోకి వచ్చాయి. రష్యా, చైనా ఆ ప్రక్రియే చెల్లదంటున్నాయి. ఇరాన్‌కు సరుకు పంపే వ్యాపారి పాత ఫైలులోని సలహా మీద ఆధారపడకుండా ఆనాటి నోటిఫికేషన్ చూసుకోవలసిన అవసరం అందుకే ఉంది.

అమెరికా, ఐరోపా సమాఖ్య తమంతట తాము విధించే ఏకపక్ష ఆంక్షలు రెండో జాతి. వీటిని పాటించవలసిన బాధ్యత మన చట్టం ప్రకారం లేదు, భారత ప్రభుత్వం వీటిని గుర్తించదు కూడా. 2024 అక్టోబరు చివరలో రష్యా యుద్ధానికి తోడ్పడే సరఫరాలంటూ అమెరికా వివిధ దేశాలకు చెందిన సుమారు నాలుగు వందల సంస్థలను, వ్యక్తులను ఆంక్షల జాబితాలో చేర్చినప్పుడు అందులో 19 భారతీయ కంపెనీలు ఉన్నాయి. తమకు అర్థమైనంతవరకు ఆ లావాదేవీలు, ఆ కంపెనీలు భారతీయ చట్టాలను ఉల్లంఘించలేదని మన విదేశాంగశాఖ ప్రతినిధి నవంబరు తొలివారంలో ప్రకటించారు. రెండు ప్రకటనలూ ఏకకాలంలో నిజం కావచ్చన్నదే ఇక్కడ గ్రహించవలసిన విషయం. మన చట్టం కింద నేరం కాని పనికి మరో దేశం తన జాబితాలో పేరు రాసింది. పేరు రాసినందుకు మన కోర్టులో అప్పీలు ఉండదు. ప్రభుత్వ ప్రకటన గౌరవం నిలబెడుతుంది గానీ మూసుకుపోయిన డాలర్ ఖాతాను తెరిపించదు.

అవును, అసలు కీలు బ్యాంకు దగ్గర ఉంది. డాలర్లలో జరిగే చెల్లింపు షార్జా నుంచి ఇండియాకు వచ్చినా మధ్యలో న్యూయార్క్ బ్యాంకు ఒకటి తగులుతుంది, ఆ క్షణంలో అది అమెరికా చట్టం పరిధిలోకి వచ్చిపడుతుంది. 2023 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన 14114 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు ఇంకో అడుగు ముందుకు వేసి, రష్యా సైనిక పరిశ్రమకు సంబంధించిన లావాదేవీలు నడిపిన విదేశీ బ్యాంకుల మీదే ఆంక్షలు పెడతామని చెప్పింది. ఆ తరవాత బ్యాంకుల్లో నియమాల అమలు చూసే కంప్లయన్స్ విభాగాలు అడిగే ప్రశ్నలు మారిపోయాయి. చట్టబద్ధమైన టీ పొడి ఎగుమతికి సైతం ఓడ పేరు, ఆ ఓడ పాత పేరు, యజమాని వివరాలు రాసివ్వమంటున్నారు. ఇరాన్‌తో వ్యాపారానికి 2012 నుంచి యూకో బ్యాంకు ద్వారా రూపాయల ఏర్పాటు నడిచిందంటే కారణం ఇదే: డాలరును తప్పిస్తే న్యూయార్కును తప్పించినట్టు. బియ్యం, టీ, మందులు ఆ దారిలో పోయాయి. రూపాయల్లో చెల్లించినంతమాత్రాన ట్రాన్స్‌డ్యూసర్ జాబితాలోంచి తొలగిపోదు.

డబ్బుకు న్యూయార్క్ తగిలినట్టే వస్తువుకూ అమెరికా చట్టం అతుక్కుని తిరుగుతుంది. మన చట్టం ప్రధానంగా సరుకు సరిహద్దు దాటే చోటే చూస్తుంది; అమెరికా ఎగుమతి నియమావళి మాత్రం ఆ దేశపు భాగం ఎన్ని చేతులు మారినా దాని వెంట నడుస్తుంది. పెద్దాయన తయారుచేసే ట్రాన్స్‌డ్యూసర్‌లో పింగాణీ పొర, గొట్టం, మర అన్నీ ఇక్కడివే. సంకేతాన్ని చదివే చిన్న చిప్ ఒక్కటే అమెరికాది, బజారులో ఎక్కడైనా దొరికేది, కాకపోతే ఇరాన్ లాంటి చోటికి పోవాలంటే అమెరికా లైసెన్సు కావలసింది. లెక్కకు పరికరం ధర 20,000 రూపాయలు, చిప్ ధర 3,000 రూపాయలు అనుకుందాం. అప్పుడు అమెరికా నియంత్రిత భాగం 15 శాతం. విదేశంలో తయారైన వస్తువులో ఆ భాగం 25 శాతం మించకపోతే చాలా దేశాల విషయంలో ఆ నియమావళి దాని జోలికి రాదు. ఇరాన్, ఉత్తర కొరియా వంటి కొన్ని దేశాలకు మాత్రం హద్దు 10 శాతమే. అంటే అదే పరికరం, అదే పెట్టె, జర్మనీకి పోతే అమెరికాకు సంబంధం లేదు, ఇరాన్‌కు పోతే పీణ్యలోని వ్యాపారి అమెరికా చట్టాన్ని ఉల్లంఘించినవాడవుతాడు. షార్జాలో దిగి అక్కడినుంచి పోతుందని తెలిసి పంపితే లెక్క చివరి గమ్యానికే వేస్తారు. తెలిసి అన్న మాటకు అక్కడి నియమావళిలో తెలుసుకోవడానికి తగిన కారణం ఉండి అని కూడా అర్థం. కళ్లు మూసుకున్నాను కాబట్టి చూడలేదంటే చెల్లదు.

పరాయి దేశపు చట్టం మనల్నేం చేస్తుందిలే అనుకున్న ఒక పెద్ద సంస్థకు ఏమైందో లోకమంతా చూసింది. చైనా టెలికాం సంస్థ జడ్‌టీఈ అమెరికా భాగాలున్న పరికరాలను ఇరాన్‌కు పంపినందుకు 2017లో సుమారు 119 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. ఆ ఒప్పందం షరతులు తప్పిందంటూ 2018 ఏప్రిల్‌లో అమెరికా వాణిజ్యశాఖ అమెరికా భాగాలు అందకుండా చేసింది. కొద్దివారాల్లోనే సంస్థ ప్రధాన కార్యకలాపాలు ఆగిపోయాయి. మరో 100 కోట్ల డాలర్లు కట్టాక గానీ ఊపిరి ఆడలేదు. చైనా పోలీసులు ఎవర్నీ పట్టుకోలేదు, చైనా కోర్టులో కేసూ లేదు. చిప్‌లు రాకుండా పోయాయి, అంతే.

తెలుగువాడికి ఈ కథ అవతలి ఒడ్డునుంచి బాగా తెలుసు. ఒకప్పుడు ఈ జాబితాల్లో ఉన్నది మనమే. 1992లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ క్రయోజెనిక్ ఇంజన్ సాంకేతికతను ఇస్రోకు ఇవ్వబోతుంటే అమెరికా రెండింటి మీదా రెండేళ్ల ఆంక్షలు విధించింది; చివరికి రష్యా ఇంజన్లు ఇచ్చి సాంకేతికత ఇవ్వకుండా ఆగిపోయింది. 1998 పోఖ్రాన్ పరీక్షల తరవాత వందలాది భారతీయ సంస్థలు, వాటి శాఖలు అమెరికా జాబితాకెక్కాయి. నెల్లూరు పక్కన మనం పిల్లల్ని తీసుకెళ్లి రాకెట్ చూపించే శ్రీహరికోట కేంద్రం, హైదరాబాదులోని భారత్ డైనమిక్స్, రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాల ఆ జాబితాలోంచి బయటపడింది 2011 జనవరిలో. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, భాభా అణు పరిశోధన కేంద్రం పేర్లు తీసేసింది 2025 జనవరిలో. చిన్న వాల్వు, మామూలు సాఫ్ట్‌వేర్ కూడా రాక ఏళ్లతరబడి ఇబ్బంది పడ్డ ఇంజనీర్లు బెంగళూరులో ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఈ నియంత్రణల నీతి గురించి మనవాళ్లలో ఒక సహజమైన అనుమానం ఉంది, నాకూ ఉంది. ఆ అనుమానం న్యాయమైనదే అయినా షిప్పింగ్ బిల్లు నింపేటప్పుడు పనికొచ్చేది కాదు.

ఇదంతా పెట్టెల్లో పోయే సరుకు గొడవ, సాఫ్ట్‌వేర్ వాళ్లం మాకేమిటని మారతహళ్లిలో కూర్చున్న పాఠకుడు అనుకోవచ్చు. మన చట్టంలోనూ వారి చట్టంలోనూ సాంకేతికత అంటే డ్రాయింగు, సోర్సు కోడు, పరీక్షా పద్ధతి, ఫోన్లో చెప్పే సలహా అన్నీ కలిసే. జాబితాలో ఉన్న పరికరం డిజైను ఫైలును మెయిల్ చేసినా, విదేశంలో ఉన్నవాళ్లు తెరవగలిగేలా సర్వర్లో పెట్టినా అది ఎగుమతే; కస్టమ్స్ గేటు దాటలేదన్నది జవాబు కాదు. గుప్తీకరణ (ఎన్‌క్రిప్షన్) విషయం తీసుకుంటే, వాసెనార్ జాబితాలో సౌష్ఠవ కీ, అంటే సందేశాన్ని మూయడానికీ తెరవడానికీ వాడే ఒకే తాళంచెవి, దాని పొడవు 56 బిట్లు మించడమే మొదటి గీత. ఈరోజు మన ఫోన్లలోని ఏ సందేశం యాప్ అయినా ఆ గీతకు ఎంతో పైన ఉంటుంది. చిల్లర దుకాణంలో అందరికీ దొరికే వస్తువులకు మినహాయింపు ఇవ్వబట్టి లోకం నడుస్తోంది. అమెరికాలో పనిచేసే మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది: అక్కడి ఆఫీసులోనే పక్క సీటులో ఉన్న విదేశీ పౌరుడికి నియంత్రిత సాంకేతికత చూపిస్తే అతని దేశానికి ఎగుమతి చేసినట్టుగా లెక్కగడతారు. హెచ్1బీ మీద వెళ్లిన ఇంజనీరుకు కొన్ని ప్రాజెక్టుల ఫోల్డర్లు ఎందుకు తెరుచుకోవో దీన్నిబట్టి అర్థమవుతుంది.

షార్జా మెయిల్ దగ్గరికి తిరిగి వస్తే, అందులో చట్టం హెచ్చరికలుగా చెప్పే గుర్తులు ఒక్కొక్కటిగా కనబడతాయి. బిగించే మనిషి వద్దనేవాడికి పరికరం బిగించే చోటు బయటపెట్టడం ఇష్టం లేదేమో. పావు శాతం కచ్చితత్వం కావాలంటూ వారంటీ వద్దనడం వ్యాపారానికి పొసగదు. పేరు రేకు ఊడదీయమనడం మరీ చెడ్డ గుర్తు. సరుకు అందుకునే చిరునామాను ఇంటర్నెట్లో వెతికితే అది ఒక ఫ్రైట్ ఫార్వర్డర్ (ఇతరుల సరుకును రవాణా చేయించే ఏజెంటు) గోదాము. చిత్తూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా క్లియరెన్సు పని చేస్తున్న మా ఏజెంటు మెయిల్ ఒకసారి చదివి, "అన్నా, ఈ సరుకు షార్జాలో ఆగేది కాదు" అని పక్కన పెట్టేశాడు. అతని అనుమానం రుజువు కాదు, కొనుగోలుదారు నిజాయితీపరుడే కావచ్చు కూడా. అందుకని పెద్దాయన చేత మర్యాదగా ఒక జవాబు రాయించాం: మీరు అడిగిన మోడల్‌కు భారత ప్రభుత్వ అనుమతి అవసరం, చివరి వాడకందారు పేరు, చిరునామా, వాడే ఉద్దేశం తెలిపే ధృవీకరణ పత్రం పంపండి, పేరు రేకు తీయడం కుదరదు, ప్యాకింగ్ లిస్టులో మోడల్ నంబరు పూర్తిగా రాస్తాం. మూడో రోజు బదులొచ్చింది. ధృవీకరణ పత్రం సంగతి అందులో లేదు, ధర మాత్రం పదిహేను శాతం పెంచారు. పెద్దాయన మళ్లీ జవాబివ్వలేదు. మెయిళ్లు రెండూ అచ్చు తీసి ఫైలులో పెట్టారు, కాగితాలు ఐదేళ్లు దాచాలని నేను చెప్పినందుకు.

అదే నెలలో ఆయన బల్ల మీదికి ఇంకో కాగితం వచ్చింది. పరీక్షా బెంచికి కావలసిన వాక్యూమ్ పంపును అమ్మే జర్మన్ కంపెనీ కొత్త ఒప్పందం పంపింది. ఐరోపా సమాఖ్య 833/2014 నిబంధనలోని 12జి అధికరణం ప్రకారం, 2024 మార్చి 20 నుంచి, కొన్ని రకాల వస్తువులు అమ్మే యూరప్ కంపెనీలు వాటిని రష్యాకు తిరిగి ఎగుమతి చేయబోమని కొనేవారి చేత రాయించుకోవాలి. కొన్ని మిత్రదేశాలకు మినహాయింపు ఉంది, ఆ పట్టికలో భారత్ లేదు. భారతదేశం గుర్తించని ఆంక్ష ఒకటి ఈ విధంగా ప్రైవేటు ఒప్పందపు షరతుగా మారి పీణ్యకు వచ్చి చేరింది. దాన్ని తప్పితే మన కోర్టులోనే ఒప్పంద భంగం దావా వేయవచ్చు. పెద్దాయన కాసేపు గొణిగి సంతకం పెట్టారు, పంపు లేకపోతే పరీక్ష ఆగిపోతుంది. తరవాత ఆయనకే గుర్తొచ్చింది, పాత పంపులు రెండు కోయంబత్తూరు వ్యాపారికి అమ్ముదామని మాటిచ్చి ఉన్నారు. "ఇప్పుడు ఆయప్ప దగ్గర గూడా ఇట్లే రాయించుకోవల్లనా ఏమప్పా?" అని అడిగారు. రాయించుకోవడమే మంచిదన్నాను. కోయంబత్తూరుకు పంపవలసిన ఉత్తరాన్ని తెలుగులో చెప్పారు, తమిళం వచ్చిన అకౌంటెంటు దాన్ని రాసుకుంటున్నాడు.